బిగిసిపోయిన మరసీలను విడిపించు విధము



ఈ మాసపు పాఠము మిగుల చిన్న వస్తువును గూర్చినది. ట్రాక్టరు నడుపువాని ఆసనమునకు దిగువ, హైడ్రాలిక్ పెట్టెమీద, బొటనవ్రేలి లావున నొక మరసీల యుండును. కొన్ని బండ్లలో దానికి చేతితో త్రిప్పు గుండీ యుండును. కొన్నింట పానాతోనో స్క్రూడ్రైవరుతోనో త్రిప్పవలసి యుండును. పైకెత్తిన నాగలి గాని రోటవేటరు గాని యెంత వేగముగా క్రిందికి దిగవలయునో నిర్ణయించునది యిదియే. దీనిని మన డ్రైవర్లు కొందఱు ‘రెస్పాన్సు’ అనియు, కొందఱు ‘స్పీడు స్క్రూ’ అనియు పిలుతురు. పెక్కుమంది దానికి పేరే పెట్టలేదు. ఏలయన దానిని వా రెన్నడును ముట్టలేదు. అట్లు ముట్టకుండుటయే యది బిగిసిపోవుటకు మొదటి కారణము.

క్రిందటి యేడు నాట్ల దినములలో మా సంఘపు ట్రాక్టరునకు ఈ మరసీల వలననే ఆఱు దినములు పని నిలిచెను. రోటవేటరు దిగునపుడు దభాలున నేలమీద పడుచుండెను. గట్టు ప్రక్కను దింపినచో గట్టు తెగుచుండెను. రాయి తగిలినచో కత్తులు వంగుచుండెను. మరసీలను కొంచెము త్రిప్పిన సరిపోవునని యందఱకును తెలియును గాని యది కదలలేదు. నేనే ముందు నిలిచి, పానా చివరకు మూడడుగుల యినుప గొట్టమును తొడిగించి, ఇద్దఱు యువకులచే లాగించితిని. కదలినది మరసీల కాదు, దాని తల. తల తెగి పానాతో కూడ చేతికి వచ్చెను. మొండెము పెట్టెలోనే నిలిచెను. దానిని తీయుటకు పట్నమునుండి పనివానిని రప్పించునప్పటికి పదునొకండుగురు సభ్యుల వంతులు తప్పెను. వారిలో నలుగురి నారు నలువది దినములు దాటి ముదిరిపోయెను. ఇరువదియైదు ముప్పది దినముల నారు వేయు పిలకలు ముదురు నారు వేయదని మీకు నేను చెప్పనక్కఱ లేదు. తప్పు నాది. మఱియొక సంఘము వారు దానిని చేయకుండుటకై యిది వ్రాయుచున్నాను.

ఆ గొట్టము చేసిన పనిని లెక్కవేసి చూడుడు. పది మిల్లీమీటర్ల మరసీలను మంచి యుక్కుదైనను సుమారు ఐదు కిలోగ్రాము-మీటర్ల బలముతో బిగింతురు. తొంబది సెంటీమీటర్ల గొట్టము చివర ఇద్దఱు మనుష్యులు తలకు ముప్పది కిలోల చొప్పున లాగినయెడల ఏబదినాలుగు కిలోగ్రాము-మీటర్లగును. అనగా పదింతలకు పైన! అంతటి బలమునకు తెగక నిలుచు మరసీలను నే నెఱుగను. తుప్పు పట్టును వదలదు, మెడ తెగును. రెంటిలో బలహీనమైనది ముందు పోవును.

ఇది పనిచేయు విధమును కొంచెము తెలిసికొనినచో తక్కిన దంతయు సులభముగా బోధపడును. ట్రాక్టరు వెనుక చేతులను పైకెత్తునది నూనె. పంపు నూనెను గొట్టములోనికి నెట్టగా ముషలకము జరిగి చేతులు లేచును. దింపునపుడు పంపునకు పని లేదు. పనిముట్టు తన బరువుచేతనే దిగుచు, ఆ నూనెను వెనుకకు త్రోసివేయును. ఆ నూనె పోవు ఇఱుకు దారిలో మన మరసీల మొన యడ్డముగా నిలిచియుండును. చెఱువు తూమునకు బిరడా యెట్టిదో దీనికి మరసీల యట్టిది. బిరడాను పైకి లాగినకొలది నీరు హెచ్చుగా పాఱును. మరసీలను వెలికి త్రిప్పినకొలది నూనె వేగముగా పోవును, రోటవేటరు వేగముగా పడును. లోనికి త్రిప్పినకొలది మెల్లగా దిగును. పూర్తిగా మూసినచో దిగనే దిగదు; కావుననే దూరపు ప్రయాణములో కొందఱు దానిని మూసి పనిముట్టును పైననే నిలుపుకొందురు. పెక్కు బండ్లలో కుడివైపునకు త్రిప్పిన మూసికొనును గాని యన్నిటను అట్లే యని నమ్మరాదు. బండితో వచ్చిన పుస్తకమును చూడవలయును.

నూనెచేత బరువెత్తు విద్య క్రొత్తది కాదు. మూసిన పాత్రలోని ద్రవముపై నొత్తిన యొత్తిడి అన్ని వైపులకును సమానముగా ప్రాకునని ఫ్రాన్సు దేశపు పాస్కల్ పదునేడవ శతాబ్దమున చూపెను. దాని నాధారముగా చేసికొని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ఒత్తిడి యంత్రమునకు హక్కు పొందెను. ట్రాక్టరు వెనుక మూడు చేతులతో పనిముట్టును తగిలించి, నూనెతో ఎత్తు పద్ధతిని ఐర్లండు దేశీయుడైన హ్యారీ ఫెర్గూసన్ పెంపొందించెను; 1939లో ఫోర్డు కంపెనీ ట్రాక్టర్లతో నది లోకమంతట వ్యాపించెను. నేడు మన పొలములలో తిరుగు బండ్లలో ఏ కంపెనీదైనను ఆ మూడు చేతులే యుండును.

ఇక తుప్పు మాట. ఇనుము తుప్పుగా మాఱునపుడు అది మునుపటికంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. విశాలమైన రేకుమీద పట్టిన తుప్పు పెచ్చులుగా రాలిపోవును. మరచుట్ల నడుమ పట్టిన తుప్పునకు పోవుటకు చోటులేదు. అచ్చటనే యుబ్బి, మరసీలకును రంధ్రమునకును నడుమ మేకువలె దిగును. మన దమ్ము పనిలో ఇనుప చక్రములు చిమ్ము బురద హైడ్రాలిక్ పెట్టెమీద పడి యెండును. మఱునాడు మఱల తడియును. దానికి తోడు ఎరువు. అదే బండిపై పొటాషు బస్తాలు తెత్తుము. పొటాషు, అనగా మనము వాడు మ్యూరియేట్ ఆఫ్ పొటాషు, క్లోరైడు లవణము. ఇంటిలోని యుప్పునకు చుట్టమే. యూరియా గాలిలోని తేమను పీల్చుకొని తడియగును. పగిలిన బస్తానుండి రాలిన గుప్పెడు పొడి, ఒక వానకాలపు బురదకంటె నెక్కుడు చెఱుపు చేయును.

మంచు దేశములవారికిని ఈ బాధయే కలదు. అమెరికా, కెనడా మొదలగు చోట్ల శీతకాలమున బాటలపై పడిన మంచును త్రోయుటకు లారీల ముందు పెద్ద యినుప పలకను కట్టుదురు. ఆ పలకను ఎత్తుటకును దింపుటకును చిన్న హైడ్రాలిక్ పెట్టె యుండును. దానికిని దిగు వేగమును సవరించు మరసీల కలదు. మంచు కరగుటకై వారు బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ యుప్పునీరు ఎగిరిపడి, వేసవియంతయు బండి మూలబడియుండి, మరుసటి శీతకాలమునకు మరసీల బిగిసికొని యుండును. వారు వాడు ఉపాయములును మనము చెప్పుకొనబోవునవియే. వారికి మంచు, మనకు దమ్ము. ఉప్పు మాత్రము ఇరువురకును సమానము.

ఇప్పుడు హైదరాబాదు మాట యేల వచ్చుచున్నదని మీ రడుగవచ్చును. మా మేనకోడలి పెండ్లికి గాజులు కొనుటకై నేను ఇంటివారితో లాడ్ బజారునకు పోయితిని. చార్మినారునుండి పడమరగా బయలుదేరి, 1892లో కట్టిన మహబూబ్ చౌకు గడియారపు స్తంభము వైపు సాగు వీథి యది. లక్క గాజులకు పేరుమోసినది. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపును లభించినది. ఆడవారు గాజులు ఏఱుకొనుచుండగా, నాకు వేఱు పని లేక, ఒక వృద్ధ పనివాడు కుంపటి ముందు కూర్చుండి పనిచేయుచుండగా చూచుచుంటిని. మా పెట్టెలో అప్పటికి రెండవ ట్రాక్టరు మరసీలయు బిగిసి యుండెను. మనస్సు దానిపైననే యుండెను.

ఆయన లోహపు చుట్టుకు లక్కను పొదిగి గుండ్రముగా చేయుచుండెను. ఒక గాజు కొలత చాలక తిరిగి వచ్చినది. దానిని ఆయన చేతితో సాగదీయలేదు. బొగ్గుల సెగకు జానెడు ఎత్తున పట్టుకొని, వ్రేళ్ళతో నెమ్మదిగా త్రిప్పుచు, మధ్య మధ్య ప్రక్కకు తీసి అరచేతితో తాకి చూచుచుండెను. చాలసేపు గడచినది. నేను ఓపిక పట్టలేక, “ఏమి చాచా, ఇంకను వంగదా?” అంటిని. ఆయన నవ్వి, “జల్ది చేస్తే పగులుతది పటేలా. పైన కాక తాకితే కాదు, లోపలికి పోవాలె,” అనెను. పిమ్మట కొయ్య కదురుమీద దానిని తొడిగి చిన్నగా నొత్తగా, గాజు మాట విన్న బిడ్డవలె సాగెను.

లక్కకు చెల్లినదంతయు ఇనుమునకు చెల్లదు. లక్క కుంపటి కాకకే మెత్తబడును; ఉక్కును అట్లు మెత్తబఱుప మన కక్కఱయు లేదు, శక్తియు లేదు. అయినను నే నాయన చేతులలో చూచినవి రెండు: కాకను లోపలివఱకు పోనిచ్చుట, కాక పోవునంతవఱకు బలము చేయకుండుట. క్రిందటి యేడు నేను ఈ రెండును చేయలేదు. ఇనుములో కాక చేయు పని వేఱు. నూఱు డిగ్రీలు హెచ్చినపుడు పది మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రము మిల్లీమీటరులో నూటికి ఒక వంతు కంటె కొంచె మెక్కువ వెడల్పగును. అది తలవెండ్రుక మందములో ఆఱవవంతు. ఇంతేనా యనవచ్చును. తుప్పు పట్టు విడుటకు ఇంతయే చాలును. ఏలయన తుప్పు గాజువంటిది, సాగదు, పగులును. రంధ్రము వెచ్చనై పెరుగుచు, మరసీల చల్లగా నుండి పెరుగకున్నచో, నడుమనున్న తుప్పు పొర చిట్లును. ఆ చిట్లిన సందులలోనికి నూనె దిగును.

పనికి పూనుకొనుటకు ముందు ప్రాణరక్షణ. పైకెత్తిన రోటవేటరు వందల కిలోల బరువుండును. దానిని నేలకు పూర్తిగా దింపి, ఇంజను నాపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, ఎత్తు లివరును రెండు మూడు మార్లు పైకిని క్రిందికిని ఆడింపవలయును. అపుడు గొట్టములో మిగిలిన యొత్తిడి పోవును. ఇది చేయక మరసీలను పూర్తిగా వెలికి త్రిప్పినచో, అది బందూకు గుండువలె ఎగురును, వెంట కాగిన నూనె చిమ్మును. సూదిమొనంత సందునుండి వచ్చు నూనెధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి చూచుటకు చీమ కుట్టినట్లుండును, నొప్పియు మొదట నుండదు; లోపల కండ చెడిపోవును. అట్టిది జరిగినచో పసుపు పూసి యూరకుండక, ఆ క్షణముననే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోయి, ‘హైడ్రాలిక్ నూనె చేతిలోనికి దూరినది’ అని స్పష్టముగా చెప్పవలయును. కారుచోటును చేతితో తడవి వెదకరాదు; అట్ట ముక్కను పట్టి చూడవలయును.

మరసీల మూసికొనిన స్థితిలో బిగిసినచో చిక్కు వేఱు. రోటవేటరు గాలిలో నిలిచిపోవును, లివరు దించినను దిగదు. ఇట్టి స్థితిలో ఎవ్వరును దాని క్రిందికి పోరాదు. ప్రక్కనుండి బలమైన కొయ్య దిమ్మెలను గాని జాకీలను గాని పేర్చి, బరువంతయు వానిపై నిలుచునట్లు చేసిన తరువాతనే మరసీలను ముట్టవలయును. అప్పుడును లోపల ఒత్తిడి కలదనియే తలంచి, పావు చుట్టు పావు చుట్టుగా మాత్రమే వదలవలయును.

మఱియొక హెచ్చరిక. ఆ పెట్టెమీదనే ఇంచుమించు ఇట్టి మరసీలయే యింకొకటి యుండవచ్చును. అది ఒత్తిడి మితి మీఱకుండ కాపాడు రిలీఫ్ వాల్వుది. ట్రాక్టరు నూనె యొత్తిడి చదరపు సెంటీమీటరునకు నూటయేబది మొదలు రెండు వందల కిలోల వఱకు నుండును. ఒత్తిడి కొలుచు గడియారము లేక ఆ మరసీలను త్రిప్పినచో గొట్టములు పగులును. దానిపై తయారుచేసినవారు రంగు చుక్కనో ముద్రనో వేసియుందురు. ఏది యేదో పుస్తకములో చూచి, అనుమానమున్న చేయి వెనుకకు తీసికొనుడు.

సరియైన మరసీలయే యని తేలిన తరువాత మొదటి పని శుభ్రము. బురదను నీటితో కడుగక, ఇనుప తీగ బ్రష్షుతో పొడిగా రుద్ది, మరచుట్ల మొదలుదాక తీయవలయును. తల గాడిలో గట్టిపడిన మట్టిని సన్నని మేకుతో త్రవ్వవలయును. స్క్రూడ్రైవరు గాడిలో నిండుగా కూర్చుండనిదే గాడి చెడును, గాడి చెడినచో పని మూడింతలగును. పిమ్మట మరసీల తలకును పెట్టెకును కలియునట్లు సుద్దతో నొక గీత గీయుడు. అది కదలినదో లేదో కంటికి ఆ గీతయే చెప్పును. లాకునట్టు ఉన్నచో మొదట దానినే విప్పవలయును. మేము క్రిందటి యేడు ఆ నట్టును చూడనేలేదు. అది బురద క్రింద నుండెను! మరసీలను పట్టి యుంచినది సగము తుప్పు, సగము ఆ నట్టు.

తరువాత నూనె. బజారులో దొరకు తుప్పు వదల్చు నూనెలు మంచివే. అవి లేనిచో కిరసనాయిలునకు పలుచని యంత్రపు నూనెను కలిపి వాడవచ్చును, ఆలస్యముగా నైనను పనిచేయును. కొందఱు మెకానిక్కులు ఆసిటోనును గేరు పెట్టె నూనెను సమముగా కలిపి వాడుదురు. అది చుఱుకైనదే గాని నిప్పునకు మిగుల ప్రియమైనది, రంగును రబ్బరును తినును. మన మరసీల వెనుక రబ్బరు ఉంగరమున్నది గనుక నే నొల్లను. ఆముదము, పల్లీనూనె పోయరాదు. అవి చిక్కనివి, లోనికి దిగవు, ఎండి జిగురగును. ఏ నూనెయైనను నాలుగు చుక్కలు చాలును. సాయంకాలము వేసి, మఱునాటి యుదయము మఱల వేసి, మఱల సాయంకాలము వేయుడు. ఇచ్చట నొక సంగతి: నూనె వేసిన ప్రతిమాఱును, ఇత్తడి కడ్డీని మరసీల తలపై నిలిపి చిన్న సుత్తితో ఇరువది ముప్పది మార్లు మెల్లగా తట్టవలయును. మేకు కొట్టినట్లు కాదు, తలుపు తట్టినట్లు. ఆ యదురుచేత తుప్పులో సందులు పుట్టి నూనె లోనికి ప్రాకును. గట్టిగా కొట్టినచో మొన లోపలి గద్దెను నొక్కి చెఱుచును.

ఇక కాక. పొలములో మనకు మొదట తోచునది గ్యాసు మంట. దీనిని ఈ మరసీల వద్ద తలంపరాదు. లోపల నూనె యున్నది, ప్రక్కన డీసెలు టాంకి యున్నది. నూనె ఆవిరి యంటుకొనును. ఇంతియేకాక ఈ చోట్ల వాడు రబ్బరు ఉంగరము నూట యిరువది డిగ్రీలు దాటినచో గట్టిపడి పగులును. మరసీల వచ్చినను నూనె కారుట మొదలగును. మనకు రెండు మంచి దారులున్నవి. ఒకటి, బండినే కాచుట. ఇంజను నడిపి, రోటవేటరును అరగంటసేపు ఎత్తుచు దింపుచు నుండినచో లోపలి నూనె వెచ్చనగును. ఆ కాక పెట్టెకు లోపలినుండి వచ్చును. లాడ్ బజారు చాచా కోరిన కాక ఇదియే. రెండవది, సలసల కాగిన నీటిలో ముంచిన గోనెపట్టను మరసీల చుట్టును పెట్టెపై కప్పి, చల్లారినకొలది మార్చుట. ఇరువది నిమిషములు ఇట్లు చేసి, గోనెను తీసి, వెంటనే మరసీల తలపై మాత్రము మంచుగడ్డ ముక్కను పట్టుడు. పెట్టె వెచ్చగను మరసీల చల్లగను ఉండు ఆ రెండు నిమిషములే మనకు కావలసినవి. పోత యినుమును ఎఱ్ఱగా కాల్చి నీరు పోసినచో పగులును. కాగిన నీటి గోనెకు మంచుముక్కకు ఆ భయము లేదు.

అప్పుడు పానా పట్టుడు. గొట్టము వద్దు, పానా తన పొడవుకంటె పొడవు కాకూడదు. మొదట విప్పు వైపునకు గాక బిగించు వైపునకు కొంచెము, వెండ్రుకవాసి, ఒత్తి చూడవలయును. ఇది చాలమందికి వింతగా తోచును. విప్పు వైపున తుప్పు మేకు బిగిసియుండును. అటునిటు ఊపినపుడే యది నలుగును. మరసీల దాదాపు మూసియున్నదను అనుమానమున్నచో ఈ ఒత్తుటయు మానవలయును, మొన గద్దెకు తగులును. సుద్దగీత కదలినదో లేదో చూడుడు. కదలనిచో ఆపి, మఱల నూనె, మఱల తట్టుట, మఱల కాక. కదలినచో సంతోషముతో ఒక్కమాఱుగా విప్పరాదు! ఎనిమిదవ వంతు చుట్టు వెలికి, పదునాఱవ వంతు లోనికి, ఒక చుక్క నూనె, మఱల అట్లే. తుప్పు పొడి మరచుట్లలో చిక్కి మఱల బిగియకుండుటకే ఈ యాట. మరసీలను పూర్తిగా తీయుటకు ముందు దానిని మెల్లగా లోనికి త్రిప్పి, మొన గద్దెకు తాకువఱకు ఎన్ని చుట్లు పోయినదో లెక్కించి గోడమీదనైనను వ్రాసికొనుడు.

పనిముట్టును సమముగా నిలుపు కుడిచేతి కడ్డీకిని, పైనుండు టాపు లింకునకును పట్టు తుప్పు వేఱు తరగతి. అందు నూనె లేదు, రబ్బరు లేదు. వానిని బండినుండి ఊడదీసి, దూరముగా తెచ్చి, కొలిమిలోనే కాల్చవచ్చును; పల్లె కమ్మరి దానిని క్షణములో వదల్చును. జస్తపు పూత యున్నచో మాత్రము ఆ పొగను పీల్చరాదు, జ్వరము తెచ్చును. టాపు లింకు రెండు కొనలలో ఒకటి ఎడమ మర, రెండవది కుడి మర యని మఱవకుడు. ఎడమ మరను విప్పబోయి మఱింత బిగించినవారు మనలో లేకపోలేదు.

ఇంతచేసినను తల తెగినచో? కోపముతో ఉలి పట్టరాదు. మొండెము పైకి కనబడుచున్నచో దానిపై ఒక నట్టును నిలిపి వెల్డింగు చేయింతురు. వెల్డింగు కాకయే సగము పని చేయును, నట్టు పానాకు పట్టిచ్చును. కాని హైడ్రాలిక్ పెట్టెమీద ఆ పనిని నూనె తీసి, బ్యాటరీ తీగెలు ఊడదీసి, తెలిసిన పనివానిచేతనే చేయింపవలయును. మొండెము లోపలికి తెగినచో నడుమ రంధ్రము తొలిచి, ఎడమవైపు తిరుగు బరమాతో తీయుదురు. ఆ తొలిచిన పొడి నూనెలో పడినచో పంపును తినును. కావున పెట్టె మూత విప్పి కడుగవలసినదే. మాకు ఆఱు దినములు పట్టినది ఇందులకే. అట్టి బరమాలు, మరసీలలు సికింద్రాబాదు రాణీగంజి దుకాణములలో దొరకును. పాత మరసీలను కూడ తీసికొనిపోయి, మర అంతరమును సరిచూచి కొనవలయును. కంటికి ఒక్కటిగా నున్న రెండు మరలు ఒక్కటి కావు.

మరసీల వెలికి వచ్చినపుడు రబ్బరు ఉంగరమును తప్పక మార్చుడు. దాని వెల స్వల్పము. క్రొత్త ఉంగరమునకు హైడ్రాలిక్ నూనెయే పూసి తొడుగవలయును. మరచుట్లలో బయటకు కనబడు భాగమునకు మాత్రము రాగిపొడి కలిసిన గ్రీజును పూయుడు. లోపలి మొనకు పూసినచో అది నూనెలో కలియును. పైన సైకిలు ట్యూబు ముక్కను టోపీవలె తొడిగి తీగతో కట్టినచో దమ్ము బురద దరిచేరదు. ఇది మా డ్రైవరు ఉపాయము, కంపెనీవారిది కాదు. రెండు కార్తెలు గడచినను లోపల గ్రీజు తడి ఆరలేదు.

సవరించుట సులభము. లెక్కపెట్టిన చుట్లకే మరసీలను మొదట త్రిప్పి, ఇంజను నడిపి, పనిముట్టును పూర్తిగా ఎత్తి, లివరు దించి, నేలకు తాకువఱకు సెకనులు లెక్కింపుడు. మా బండికి రోటవేటరుతో మూడు సెకనులు సరిగా నున్నది. తేలికయైన గొఱ్ఱునకు అదే మరసీల స్థితిలో ఎక్కువ కాలము పట్టును. కనుక పనిముట్టు మార్చినప్పుడెల్ల దీనిని త్రిప్పవలసినదే, త్రిప్పుచుండిన బిగియనే బిగియదు. మా సంఘపు బండి పుస్తకములో ఇంజను నూనె మార్చిన తేదీల ప్రక్కన ఇప్పుడు ‘మరసీల అర చుట్టు అటునిటు’ అను క్రొత్త గడి యున్నది. మాసమున కొకమాఱు డ్రైవరు అందు సంతకము చేయును.

రెండవ ట్రాక్టరు సంగతి చెప్పి ముగింతును. మృగశిరకు నాలుగు దినముల ముందు మొదలుపెట్టితిమి. మొదటి దినము బురద తీసి, లాకునట్టును వదల్చి, నూనె వేసితిమి. రెండవ దినము తట్టుట, నూనె, గీత కదలలేదు. క్రిందటి యేడు గొట్టము లాగిన యువకులిద్దఱును మఱల గొట్టము తెత్తుమనిరి. వలదంటిని. మూడవ నాటి యుదయము అరగంట లిఫ్టు ఆడించి, రోటవేటరును నేలకు దింపి, ఇంజను నాపి, లివరును ఆడించి, కాగిన గోనె కప్పి, ఐసు బండివాని వద్ద తెచ్చిన గడ్డను తలపై పట్టితిమి. జానెడు పానాకు ఒక చేతి బలము. ‘టక్కు’ మని చిన్న చప్పుడైనది. తెగినదేమో యని అందఱమును ఊపిరి బిగపట్టితిమి. సుద్దగీత రెండుగా విడి యుండెను. గద్దెవఱకు రెండుంబావు చుట్లు లెక్కకు వచ్చెను. నాలుగు గంటల వేళకు, మొదటి వంతు సభ్యుడు బండిని తన మడికి తోలుకొనిపోయెను.